పేరు ఒకటే, ఎంజైములు మూడు: ల్యాబుకు కైనేజ్ కొనే ముందు

పోయిన నెల ఒక సాయంత్రం కడప నుంచి ఫోను వచ్చింది. అనంతపురంలో నా దగ్గర ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి, ఇప్పుడు కడపలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. "సార్, ఏకేటీ1 ఎంజైము కొనాలి. మూడు కొటేషన్లు తెప్పించాను. మూడింటిలోనూ పేరు ఒకటే, పరిమాణం ఒకటే, 10 మైక్రోగ్రాములు. ధరలకు మాత్రం పొంతన లేదు. అన్నిటికన్నా తక్కువ చెప్పినవాళ్లకే ఇస్తే ఫైలు తొందరగా కదులుతుంది. ఇచ్చేయమంటారా?"

ఫైలు కదిలే మాట నిజమే. తక్కువ ధర వేసినవాడికి 'ఎల్ వన్' అని పేరు పెట్టి ఆర్డరు ఇచ్చేయడం మన ఆఫీసులకు అలవాటు. కుర్చీలకు, బీరువాలకు ఆ పద్ధతి చెల్లుతుంది. రీకాంబినెంట్ కైనేజ్ దగ్గర, అంటే జన్యువును అరువు కణాల్లోనో సారంలోనో పెట్టి తయారుచేసిన ఏకేటీ1 లాంటి ఎంజైము దగ్గర, చెల్లదు. కొటేషన్లు వాట్సాప్‌లో పంపమన్నాను. చూస్తే మొదటిది కీటక కణాల్లో చేసిన పూర్తి నిడివి ఎంజైము, జీఎస్టీ అనే ప్రొటీను ట్యాగ్‌తో (ట్యాగ్ అంటే శుద్ధి చేసేందుకు వీలుగా తగిలించే తోక), చైతన్యవంతమైన, అంటే పనిచేసే, రూపం. రెండోది బ్యాక్టీరియాలో చేసిన సగం ముక్క, హిస్టిడిన్ ట్యాగ్‌తో, ఇంకా మేల్కొలపనిది. మూడోది, అంటే మన 'ఎల్ వన్', గోధుమ మొలకల సారంలో చేసిన పూర్తి నిడివి ప్రొటీను. మూడూ ఏకేటీ1లే. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

ఆ రాత్రి ఆమెకు చెప్పినవే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను. కర్నూలులోనో అనంతపురంలోనో చిన్న ల్యాబులో కూర్చుని, ఏడాదికి ఒక్క ఎంజైము కొనగలిగే స్తోమతతో పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. పెద్ద నగరాల పెద్ద సంస్థలకు ఇంత లెక్క అవసరం ఉండదు. తప్పు కొంటే ఇంకోటి కొంటారు.

కైనేజ్ చేసే పని చెప్పడానికి చిన్నదే. ఏటీపీ అనే శక్తి అణువు చివర వేలాడే ఫాస్ఫేటును తీసి వేరే ప్రొటీను మీద పెడుతుంది. ఆ ఫాస్ఫేటు పడ్డ ప్రొటీను మేలుకోవచ్చు, నిద్రపోవచ్చు, చోటు మారవచ్చు. మనిషి జన్యువుల్లో ఇలాంటి కైనేజ్‌లు 500కు పైగా ఉన్నాయి. ఫాస్ఫేటు పెట్టడం, తీయడం అనే ఈ మీట కథ విప్పినందుకే ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, 1929లో, ఆ ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా పట్టుకున్నారు. 1925లో ఫిస్కే, సుబ్బారావు ఇచ్చిన ఫాస్ఫరస్ కొలత పద్ధతిని మా ల్యాబులో ఇప్పటికీ ప్రాక్టికల్స్‌లో చేయిస్తాం. గొట్టంలో నీలం రంగు తేలగానే పిల్లలకు ఆయన పేరు చెప్పడం నాకొక సరదా.

ముందు మీ బ్లాట్‌ను అడగండి

ఆ అమ్మాయి పని వేరుశనగ పొట్టు మీద. గింజ చుట్టూ ఉండే ఎర్రటి పలుచని పొర అది. నూనె మిల్లుల దగ్గర ఊరికే దొరుకుతుంది. దాని సారాన్ని క్యాన్సర్ కణాల మీద వేస్తే, వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే యాంటీబాడీతో ప్రొటీనును పట్టీగా చూపే పరీక్షలో, ఏకేటీ సెరీన్ 473 (473వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం) మీది ఫాస్ఫేటు పట్టీ పలచబడింది. "కాబట్టి నా సారం ఏకేటీని ఆపుతోంది, ఎంజైముతో నిరూపించాలి" అన్నది ఆమె ఆలోచన.

ఆ 'కాబట్టి' దగ్గరే ఆగమన్నాను. ఏకేటీ తనంతట తాను మేలుకోదు. ఇన్సులిన్ లాంటి సంకేతం తగలగానే పీఐ3 కైనేజ్ అనే ఇంకో ఎంజైము కణం పొర మీద ఒక కొవ్వు గుర్తు (పీఐపీ3) వేస్తుంది. ఏకేటీ తన పీహెచ్ భాగంతో ఆ గుర్తును పట్టుకుని పొర దగ్గరికి చేరుతుంది. (పీహెచ్ అంటే ఇక్కడ ఆమ్లత కాదు, ప్లెక్‌స్ట్రిన్ అనే ప్రొటీను పోలిక ఉన్న భాగం.) అక్కడ పీడీకే1 అనే కైనేజ్ వచ్చి థ్రియోనిన్ 308 మీద, ఎంటార్ సముదాయం 2 అనే ఇంకో కైనేజ్ వచ్చి సెరీన్ 473 మీద ఫాస్ఫేటు పెడతాయి. అంటే 473 పట్టీ పలచబడిందంటే పై మెట్లలో ఎక్కడైనా అడ్డు పడి ఉండవచ్చు. పైగా మొక్కల్లో ఉండే ఫ్లేవనాయిడ్‌లు అనే పదార్థాల్లో కొన్నిటికి పీఐ3 కైనేజ్‌ను ఆపే గుణం ఉంది. ఎల్‌వై294002 అనే ప్రసిద్ధ పీఐ3 కైనేజ్ నిరోధకాన్ని తయారుచేసింది క్వెర్సిటిన్ అనే ఫ్లేవనాయిడ్ అచ్చు చూసుకునే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఏకేటీలో ఏటీపీ కూర్చునే గుంటలోకి దూరి దాన్ని ఆపే మందులు కణాల్లో 473 పట్టీని తగ్గించవు, పెంచుతాయి. ఎంజైము పని ఆగిపోయినా దాని మీది ఫాస్ఫేట్లు అలాగే పేరుకుపోతాయి. పట్టీ తగ్గిందంటే, మీ సారం నేరుగా ఏకేటీ మీదే పనిచేస్తున్నదనుకున్నా, ఆ గుంటలో దూరే రకం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎంకే-2206 అనే నిరోధకం లాగా పీహెచ్ భాగానికీ కైనేజ్ భాగానికీ మధ్య సందులో కూర్చునే రకం కావచ్చు. అలాంటిదాన్ని పీహెచ్ భాగం కోసేసిన ముక్కతో పరీక్షిస్తే ఏమీ కనిపించదు. రెండో కొటేషన్‌లో ఉన్నది సరిగ్గా ఆ ముక్కే.

ఇలా ఏ ఎంజైము కొనాలన్నది కేటలాగ్ చూడకముందే ఆమె చేతిలో ఉన్న బ్లాట్ సగం తేల్చేసింది.

ఏ వంటింట్లో వండారు?

బ్యాక్టీరియాలో, అంటే ఇ. కోలైలో, చేయించడం చౌక. కానీ మన కణాల్లో జరిగే ఫాస్ఫేట్ల అలంకరణ అక్కడ ఉండదు. కొన్ని కైనేజ్‌లకు దానితో పని లేదు. పీకేఏ ఉత్ప్రేరక భాగం తన ఫాస్ఫేటు తానే పెట్టుకుని బ్యాక్టీరియాలోనే చక్కగా తయారవుతుంది. విద్యార్థులకు నేర్పడానికి అంతకన్నా మంచిది లేదు. కేసైన్ కైనేజ్ 2 కూడా అంతే. ఈఆర్‌కే2 అయితే బ్యాక్టీరియాలో దండిగా వస్తుంది కానీ నిద్రలోనే ఉంటుంది, ఎంఈకే అనే ఇంకో కైనేజ్ వచ్చి లేపాలి. ఏకేటీ లాంటివి అక్కడ పూర్తి నిడివిలో వండితే తరచు ముద్దకట్టిపోతాయి.

అందుకే కంపెనీలు ఎక్కువగా కీటక కణాల వైపు వెళ్తాయి. ఎస్ఎఫ్9 అని కేటలాగ్‌లో చూసే ఉంటారు. అది స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా అనే పురుగు ప్యూపా అండాశయం నుంచి తీసిన కణాల సంతతి. ఆ పేరు కొత్తగా అనిపిస్తే కర్నూలు వైపు మొక్కజొన్న రైతునడగండి: కత్తెర పురుగు! 2018లో మన దేశంలో కనిపించినప్పటి నుంచి మొక్కజొన్న సుడుల్లో దూరి నిద్ర లేకుండా చేస్తున్నది అదే. పొలంలో ఎంత శత్రువైనా, సీసాలో దాని కణాలు బకులోవైరస్ అనే కీటకాల వైరస్ మోసుకొచ్చిన మానవ జన్యువును చదివి, మడతలు సరిగ్గా వేసి, ఫాస్ఫేట్లు కూడా చాలావరకు పెట్టి ఇస్తాయి. ఏకేటీకి నా ఓటు దీనికే.

మానవ కణాల్లో చేసినది ఇంకా సహజంగా ఉంటుంది, ధర కూడా అంతే. ఎంటార్ లాంటి భారీ ప్రొటీన్లు, సముదాయాలుగా ఉండేవి అయితే తప్పదు. మీకు ఏకేటీయో జీఎస్‌కే3 బీటాయో కావాలంటే ఆ ఖర్చు దండగ.

ఇక మన 'ఎల్ వన్', గోధుమ మొలకల సారంలో చేసినది. ఇలాంటి ప్రొటీన్లు ఎక్కువగా యాంటీబాడీ పరీక్షలకు, ఎలైజా అనే యాంటీబాడీ కొలతలో ప్రమాణంగా వాడడానికి అమ్ముతారు. డేటాషీటులో వాడకం అన్న చోట ఎలైజా, వెస్టర్న్ అని మాత్రమే ఉండి, చైతన్యం గురించి ఒక్క అంకె కూడా లేకపోతే, అది పనిచేస్తుందని వాళ్లు హామీ ఇవ్వడం లేదన్నమాట. వాళ్లు మోసం చేయడం లేదు. పెళ్లి పందిట్లో కట్టే మైనపు మామిడికాయలను మైనపువనే అమ్ముతారు. కొరికితే తప్పు మనది.

మేల్కొన్నదా, నిద్రలో ఉన్నదా

ఈ గొయ్యిలో నేను స్వయంగా పడ్డాను. చాలా ఏళ్ల కిందట ఈఆర్‌కే2 తెప్పించాను. పేరు పక్కన చిన్న అక్షరాల్లో, చైతన్యం లేని రూపమని ఉంది. నేను చూసింది ధర ఒక్కటే. మూడు వారాలు ప్లేట్లు వేశాం. ఖాళీ గొట్టంలో వచ్చే అంకె, ఎంజైము ఉన్న గొట్టంలో వచ్చే అంకె అన్నదమ్ముల్లా ఒకేలా ఉండేవి. బఫర్ మార్చాం, మెగ్నీషియం మార్చాం, సబ్‌స్ట్రేట్, అంటే ఫాస్ఫేటు అందుకునే పదార్థం, మార్చాం. చివరికి ఒక మధ్యాహ్నం మా ల్యాబు అసిస్టెంటు గొట్టం మీది చీటీని భూతద్దంతో చదివి, "సార్, ఇది పని చేయనిదని వీళ్లే రాశారు కదా" అన్నాడు.

నిద్రలో ఉన్న రూపం పనికిరానిదని కాదు. దాని ప్రశ్న వేరు. మీ పదార్థం ఏకేటీని మేల్కొలిపే మెట్టునే ఆపుతున్నదా అని చూడాలంటే, మేల్కొలపని పూర్తి ఏకేటీ, పీడీకే1, పీఐపీ3 ఉన్న కొవ్వు బుడగలు మూడూ కలిపి పరీక్ష పెట్టాలి. అప్పుడు నిద్రలో ఉన్నదే కావాలి. ఇంకో ఉదాహరణ ఏబీఎల్ కైనేజ్. ఇమాటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందు ఆ ఎంజైము ముడుచుకున్న రూపాన్నే గట్టిగా పట్టుకుంటుంది. ఫాస్ఫేట్లు ఎక్కి విప్పారిన ఏబీఎల్‌తో పరీక్షిస్తే ఆ మందు ఉన్నదానికన్నా బలహీనంగా కనిపిస్తుంది. రూపం చెప్పకుండా ఒట్టి పేరు చెప్పి కొనడమంటే కొలతలు ఇవ్వకుండా చొక్కా కుట్టమనడమే.

ఇవేవీ పట్టని సౌకర్యం కావాలంటే జీఎస్‌కే3 బీటాను చూడండి. మామూలుగా మెలకువగానే ఉంటుంది, తోడు ప్రొటీను అక్కర్లేదు. ఒకటే పేచీ: దీని ఇష్టమైన సబ్‌స్ట్రేట్ పెప్టైడుకు (పెప్టైడు అంటే పొట్టి ప్రొటీను ముక్క) ముందే ఒక ఫాస్ఫేటు పెట్టి ఉండాలి, ఆ పెప్టైడు ధర ఎక్కువ. ఎంజైముకు ఖర్చు పెట్టి పెప్టైడు దగ్గర వెనకాడడం ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర తగవు పెట్టుకున్నట్టు ఉంటుంది. సైక్లిన్ అనే తోడు ప్రొటీను మీద ఆధారపడే సీడీకే2 లాంటివి కొంటే తోడు సైక్లిన్ కలిపి ఉన్నదే కొనండి. ఒంటరి సీడీకే2 దాదాపు ఏ పనీ చేయదు.

ట్యాగ్ సంగతి

హిస్టిడిన్ ట్యాగ్ చిన్నది, ఒక కిలోడాల్టన్‌కు (ప్రొటీను అణువుల బరువు చెప్పే ప్రమాణం) లోపే. గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్, అంటే జీఎస్టీ, 26 కిలోడాల్టన్‌లు. పైగా అది జంటలు కడుతుంది. తనతో పాటు కైనేజ్‌లను కూడా జంటగా దగ్గరికి లాగుతుంది, దాంతో అవి ఒకదాని మీద ఒకటి ఫాస్ఫేట్లు వేసుకునే ప్రమాదం ఉంది. సాధారణ నిరోధక పరీక్షలకు ఇది పెద్ద అడ్డంకి కాదు. జంటకట్టడం గురించే పరిశోధిస్తున్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి. ఇంకో చిక్కు నాకు ఎదురైంది: బిల్లులో ఎంజైము పేరులో ఒకసారి, పన్ను వరుసలో ఒకసారి జీఎస్టీ అని కనిపించేసరికి, అకౌంట్స్ వాళ్లు పన్ను రెండుసార్లు వేశారని ఫైలు వెనక్కి పంపారు. వివరణ పత్రం రాసి ఇవ్వాల్సి వచ్చింది.

అంకెల్లో బేరం

ధరలను మైక్రోగ్రాముకు ఇంత అని పోల్చకండి. కొనేది బరువు కాదు, పని. ఒక కంపెనీ 10 మైక్రోగ్రాములు ఇస్తుంది, నిర్దిష్ట చైతన్యం, అంటే అది చేసే పని, మిల్లీగ్రాముకు నిమిషానికి 1000 నానోమోల్‌లు అనుకోండి. మొత్తం గొట్టంలో ఉన్న పని నిమిషానికి 10 నానోమోల్‌లు. ఇంకో కంపెనీ అదే ధరకు 20 మైక్రోగ్రాములు ఇస్తుంది, చైతన్యం 200. అక్కడ మొత్తం పని 4 మాత్రమే. రెట్టింపు బరువు కొని సగం కన్నా తక్కువ పని ఇంటికి తెచ్చుకున్నట్టు.

ఈ అంకెలు కూడా పూర్తిగా పోల్చదగ్గవి కావు. ఒకరు 30 డిగ్రీల దగ్గర ఒక పెప్టైడుతో కొలుస్తారు, ఇంకొకరు వేరే ప్రొటీనుతో, వేరే ఏటీపీ గాఢతతో. పాత రోజుల్లో ఒక ఊరి శేరుకూ పక్క ఊరి శేరుకూ తేడా ఉన్నట్టే. అన్నిటికన్నా పెద్ద మోసం 'యూనిట్' అనే మాటలో ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఒక యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్. కైనేజ్‌లు అమ్మే చోట ఒక యూనిట్ అంటే నిమిషానికి ఒక పికోమోల్ అని ఉండవచ్చు. తేడా పది లక్షల రెట్లు. లక్ష యూనిట్లు అని చూసి మురిసిపోయే ముందు నిర్వచనం చదవండి.

ఎంత కొనాలి? ట్యాగ్ లేని ఏకేటీ1 సుమారు 56 కిలోడాల్టన్‌లు. 10 మైక్రోగ్రాములంటే దాదాపు 180 పికోమోల్‌లు. 25 మైక్రోలీటర్ల చర్యలో 10 నానోమోలార్ ఎంజైము వాడితే ఒక్కో చర్యకు పావు పికోమోల్ పడుతుంది. అంటే 700 చర్యలు, 96 గుంటల ప్లేట్లు ఏడు. జీఎస్టీ ట్యాగ్ ఉంటే బరువులో కొంత దానికే పోతుంది, చర్యలు 500 లోపుకు దిగుతాయి. ఒక పీహెచ్‌డీ అధ్యాయానికి అదీ సరిపోతుంది. 100 మైక్రోగ్రాములకు డిస్కౌంట్ ఇస్తామంటే కక్కుర్తి పడకండి. మన ఫ్రీజర్ల సంగతి కిందకు వెళ్తే తెలుస్తుంది.

ఫలితాల అంకెల్లో కూడా ఒక మాట. నిరోధకం బలాన్ని ఐసీ50గా, అంటే ఎంజైము పనిని సగానికి తగ్గించే గాఢతగా, చెబుతాం కదా, ఏటీపీతో పోటీపడే రకమైతే ఆ అంకె ఎంత ఏటీపీ పోశామో దాన్ని బట్టి మారుతుంది. 1973లో చెంగ్, ప్రూసాఫ్ ఇచ్చిన సూత్రం ప్రకారం, అసలు బలం 10 నానోమోలార్ ఉన్న పదార్థం, ఏటీపీ కేఎమ్ (ఎంజైము గరిష్ఠ వేగంలో సగంతో నడిచే గాఢత) దగ్గర ఉంటే 20గా, ఏటీపీ కేఎమ్‌కు వంద రెట్లుంటే 1010గా కనిపిస్తుంది. కణంలో ఏటీపీ మిల్లీమోలార్‌లలో ఉంటుంది. అందుకే తాను కొనబోయే ఎంజైముకు, ఆ సబ్‌స్ట్రేట్‌తో, ఏటీపీ కేఎమ్ ఎంతో డేటాషీటులో ఇచ్చిన కంపెనీకి నేను పది శాతం ఎక్కువైనా ఇస్తాను.

పొట్టు సారం చేసే అల్లరి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మన వైపు ల్యాబుల్లో చాలామంది పరీక్షించేది శుద్ధమైన రసాయనాలను కాదు, ఆకులు, వేర్లు, బెరళ్లు, పొట్ల సారాలను.

వేరుశనగ పొట్టులో టానిన్ల జాతి ప్రోసయానిడిన్‌లు బాగా ఉంటాయి. నోట్లో వేసుకుంటే నాలుక పట్టేసే వగరు వాటిదే. నాలుక మీద చేసే పనే అవి గొట్టంలోనూ చేస్తాయి, అంటే దొరికిన ప్రొటీనుకల్లా చుట్టుకుంటాయి. ఆ సారం ఏకేటీని ఆపుతుంది, ట్రిప్సిన్‌ను ఆపుతుంది, మీరు ఏది పెడితే దాన్ని ఆపుతుంది. దీన్ని 'నిరోధం' అని రాసేస్తే రివ్యూయర్ ఊరుకోడు. సారాన్ని ముందు, టానిన్లు అతుక్కునే పీవీపీపీ అనే పొడితో కలిపి వాటిని లాగేయాలి. చర్యలో 0.01 శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంటు వేయాలి, ఎందుకంటే క్వెర్సిటిన్ లాంటివి నీళ్లలో గుంపుకట్టి ఎంజైమును తమ మీద అతికించుకుంటాయి. డిటర్జెంటు పడగానే మాయమైపోయే నిరోధం నిరోధం కాదు. సంబంధం లేని ఇంకో ఎంజైము మీద కూడా అదే సారం వేసి చూడాలి.

కొలిచే పద్ధతి ఎంపిక కూడా ఇక్కడే తేలుతుంది. రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 ఇప్పటికీ అన్నిటికన్నా నిక్కచ్చి అయినది. కానీ దానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి, 14 రోజుల్లో సగం తరిగిపోతుంది, చిన్న ల్యాబుకు అయ్యే పని కాదు. ఎక్కువమంది కొనేది, ఏటీపీ ఒక ఫాస్ఫేటు ఇచ్చేశాక మిగిలే ఏడీపీని కాంతిగా మార్చి చూపే కిట్. ఆ కాంతినిచ్చేది మిణుగురు పురుగు ఎంజైము లూసిఫరేజ్. వేరుశనగలో ఉండే రెస్వెరట్రాల్ ఆ లూసిఫరేజ్‌నే ఆపుతుంది, క్వెర్సిటిన్ కూడా అంతే. కాంతి తగ్గితే మీ కైనేజ్ ఆగిందో మిణుగురు ఆగిందో తెలియదు. కైనేజ్ లేకుండా, నేరుగా ఏడీపీ వేసిన గుంటల్లో కూడా సారం కలిపి చూస్తే తప్ప ఈ చిక్కు వీడదు.

లూసిఫరేజ్ వద్దనుకుంటే, ఏడీపీ తయారైన కొద్దీ ఎన్ఏడీహెచ్ అనే పదార్థం తరిగేలా చేసి కొలిచే పద్ధతి ఉంది. 340 నానోమీటర్ల దగ్గర మామూలు స్పెక్ట్రోఫోటోమీటరుతో చూడవచ్చు, చౌక. కానీ ఎర్రటి సారం అదే చోట కాంతిని మింగేస్తుంది, ఎంజైము కూడా ఎక్కువ పడుతుంది. మాలకైట్ గ్రీన్ ఇంకా చౌక, కానీ అది విడి ఫాస్ఫేటును కొలుస్తుంది. కైనేజ్ ఫాస్ఫేటును విడిచిపెట్టదు, వేరేదానికి అతికిస్తుంది. మధ్యలో ఇంకో ఎంజైము లేకుండా అది పనిచేయదు. డిటర్జెంటుతో కడిగిన గాజు గొట్టాల్లో మిగిలిన ఫాస్ఫేటు కూడా పచ్చగా నవ్వుతుంది. మొక్కల సారాలకు నా సలహా: కాంతి కిట్‌తో వడపోసి, మిగిలినవాటిని ఫాస్ఫేటు పడ్డ సబ్‌స్ట్రేట్‌ను పట్టుకునే యాంటీబాడీతో వెస్టర్న్ వేసి ఖాయం చేసుకోండి. బ్లాట్ వేయడం మీకు ఎలాగూ వచ్చు.

ఏడీపీని కొలిచే ఏ పద్ధతిలోనైనా ఎంజైము శుద్ధత కూడా చూసుకోవాలి. కైనేజ్‌తో పాటు ఏటీపీని ఊరికే నరికే వేరే ప్రొటీను కలిసి ఉంటే అదీ సిగ్నల్ ఇస్తుంది. సబ్‌స్ట్రేట్ లేని గుంట ఒకటి, చాలా కైనేజ్‌లను ఆపే స్టారోస్పోరిన్ వేసిన గుంట ఒకటి పెట్టండి. డబ్బుంటే, ఏటీపీని పట్టే లైసీన్‌ను మార్చి చంపేసిన కైనేజ్ కూడా కొనండి. అంతకన్నా మంచి సాక్షి లేదు.

ఎన్‌హెచ్ 44 మీద డ్రై ఐస్

దిగుమతి ఎంజైము ఎక్కువగా బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో దిగుతుంది. అనంతపురం వాళ్లకు బెంగళూరు విమానాశ్రయం నుంచి ఎన్‌హెచ్ 44 మీద 200 కిలోమీటర్ల లోపే. కర్నూలుకు హైదరాబాద్ నుంచి దాదాపు అంతే దూరం. కడప వాళ్లకు రెండు వైపుల నుంచీ దూరమే. కాబట్టి మధ్యలో పార్సిల్ ఎక్కడ, ఎంతసేపు ఆగుతుందో ముందే అడగాలి. మామూలు థర్మోకోల్ డబ్బాలో రోజుకు రెండు మూడు కిలోల డ్రై ఐస్ ఆవిరైపోతుందని లెక్క వేసుకోండి, మే నెలలో ఇంకా ఎక్కువే.

ఒకసారి మా పార్సిల్ శనివారం మధ్యాహ్నం ఊళ్లోకి వచ్చింది. కొరియర్ ఆఫీసు వాళ్లు ఫోను చేయలేదు, సోమవారం పదిన్నరకు డబ్బా చేతికిచ్చారు. టేపు కోసి మూత తీస్తే పొగ రాలేదు. డబ్బా అడుగున కాగితం సంచి పొడిగా, ముడతలు పడి, ఖాళీగా ఉంది. గొట్టాన్ని వేళ్లతో పట్టుకుంటే చల్లగా కూడా లేదు. అందులోని 100 మైక్రోలీటర్లు ఏ రంగూ లేకుండా, ఏ తప్పూ జరగనట్టు, నిర్మలంగా ఉన్నాయి. పాడైన ఎంజైము కంటికి కనిపించదు. అప్పటి నుంచి ఆర్డరులోనే రాయిస్తున్నాను: సోమ, మంగళ వారాల్లో మాత్రమే పంపాలి, డబ్బా తెరిచినప్పుడు డ్రై ఐస్ లేకపోతే తిప్పి పంపుతాం.

డబ్బా మంచిగా వస్తే ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. గొట్టాన్ని మంచులో కరగనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో పది సెకన్లు తిప్పండి, లేకపోతే సగం మూతకే అంటుకుని ఉంటుంది. వోర్టెక్స్ చేయవద్దు. ఒక్కోదానిలో 5 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లోకి పంచి, ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 80కి పంపండి. ద్రవ నైట్రోజన్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. పశుసంవర్ధక శాఖ వాళ్లు ఎద్దుల వీర్యం దాచేది అందులోనే. మర్యాదగా అడిగితే ఒక ఫ్లాస్కు పోయకపోరు. ఒకసారి కరిగించిన గొట్టాన్ని మళ్లీ గడ్డకట్టించవద్దు. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరిచి చూసే కుతూహలాన్ని అణచుకోండి.

ఇంకో చిన్న సంగతి: విదేశీ ప్రోటోకాల్‌లో 'గది ఉష్ణోగ్రత' అంటే 22 నుంచి 25 డిగ్రీలు. ఏప్రిల్‌లో మా గదిలో 36 ఉంటుంది. ఏసీ లేకపోతే వాటర్ బాత్ వాడండి, లూసిఫరేజ్‌కు వేడి అసలు పడదు.

కొనకుండా కుదరదా?

కొన్నిసార్లు కుదురుతుంది. అడ్‌జీన్ అనే లాభాపేక్ష లేని సంస్థ దగ్గర కైనేజ్ ప్లాస్మిడ్లు (ఆ జన్యువులను మోసే డీఎన్ఏ వలయాలు) చాలా ఉన్నాయి, బ్యాక్టీరియాలో పండేవాటి సంకలనం ప్రత్యేకంగా ఉంది. హిస్టిడిన్ ట్యాగ్‌ను పట్టుకునే నికెల్ కాలమ్, 18 డిగ్రీల దగ్గర రాత్రంతా నిలకడగా ఊగే షేకర్, దానికి జనరేటర్ ఉంటే పీకేఏ లాంటివి మీరే చేసుకోండి. ఒక్క లీటరు కల్చర్‌తో కొన్నేళ్లకు సరిపడా వస్తుంది. కీటక కణాల పెంపకం మాత్రం తలకెత్తుకోకండి. వాటికి కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు, 27 డిగ్రీలు చాలు అని పుస్తకం ఊరిస్తుంది. అనంతపురం వేసవిలో 27 డిగ్రీలంటే వేడి చేసే ఇంక్యుబేటర్ కాదు, చల్లబరిచేది కావాలి. శుద్ధమైన పదార్థం ఒకటో రెండో మాత్రమే ఉంటే, వందల కైనేజ్‌ల మీద ఒకేసారి పరీక్షించి పెట్టే సేవా సంస్థకు పంపడం మేలు. సారాలను మాత్రం అలా పంపకండి, టానిన్ల కథ అక్కడా అదే.

కడప అమ్మాయి చివరికి ఏకేటీ ఒక్కదానితో సరిపెట్టలేదు. పీవీపీపీతో టానిన్లు తీసేశాక సారాన్ని మళ్లీ కణాల మీద వేసి చూడమన్నాను. పట్టీ అప్పటికీ పలచబడింది, కానీ అంతకుముందున్నంత కాదు. దాంతో బడ్జెట్‌ను రెండుగా చేసింది. ఏకేటీ1 చిన్న ప్యాక్ ఒకటి, పీఐ3 కైనేజ్ ఆల్ఫా ఒకటి. 'ఎల్ వన్' సమస్యను ఇండెంటులోనే కట్టడి చేసింది. ఏకేటీ వరుసలో ఆమె రాసింది ఇది: "మానవ ఏకేటీ1, పూర్తి నిడివి, పీహెచ్ భాగంతో సహా, కీటక కణాల్లో తయారైనది, థ్రియోనిన్ 308, సెరీన్ 473 మీద ఫాస్ఫేట్లు ఉన్నట్టు చూపిన చైతన్యవంతమైన రూపం, ఆ లాట్‌కే చెందిన నిర్దిష్ట చైతన్యం, వాడిన సబ్‌స్ట్రేట్, ఏటీపీ గాఢత తెలిపే పత్రం జతచేయాలి, శుద్ధత 85 శాతానికి తగ్గకూడదు, 10 మైక్రోగ్రాములు, డ్రై ఐస్‌లో, సోమ లేదా మంగళవారం మాత్రమే పంపాలి." గోధుమ మొలకలవాళ్లు ఈసారి కొటేషన్ వేయలేదు.